పెద్దమ్మవారు వెళ్ళిపోయిన కథ

మొన్న సంక్రాంతికి ఊరెళ్ళాను. భోగి రోజు సాయంత్రం మా అక్క కూతురికి భోగిపళ్ళు పోసిన హడావిడంతా అయ్యాక అందరం వరండాలో చేరాం. పాపకి తొమ్మిది నెలలు నిండాయి. ఎమ్మార్ టీకా వేయించాలి, అంటే తట్టుకీ రుబెల్లాకీ కలిపి వేసేది. మా బావ కూడా మనలాంటివాడే, సాఫ్ట్‌వేరు. ఫోను తీసి ఎవరో ఫార్వర్డ్ చేసిన వాట్సాప్ మెసేజ్ ఒకటి చూపించాడు. టీకా వల్ల ఆటిజం వస్తుందట, మన పిల్లల మీద ప్రయోగాలట, ఇంకా ఏవేవో. అది తను కూడా పూర్తిగా నమ్మలేదనుకోండి. కానీ చివర్లో ఒక మాటన్నాడు.

"ఊళ్ళో పిల్లలందరికీ వేయిస్తున్నారు కదరా. ఇంక ఆ జబ్బు మన పాప దాకా ఎలా వస్తుంది? మనమొక్కళ్ళం కొన్నాళ్ళు ఆగితే ఏమవుతుంది?"

నిజం చెప్పొద్దూ, నా దగ్గర వెంటనే సమాధానం లేదు. లాజిక్ లో తప్పెక్కడుందో తెలుస్తున్నట్టే ఉంది గానీ వేలు పెట్టి చూపించలేకపోయాను.

మంచం మీద కూర్చుని అన్నీ వింటున్న మా నాయనమ్మ అప్పుడు నోరు తెరిచింది. మా నాయనమ్మ ముఖం నిండా గుంటలు ఉంటాయి. చిన్నప్పటి నుంచీ చూస్తున్నాను కాబట్టి నాకు అవి ముఖంలో భాగమే తప్ప మచ్చల్లా ఎప్పుడూ అనిపించలేదు.

"టీకాల వాడు ఊళ్ళోకి వచ్చిన రోజు మా అమ్మ నన్నూ మా తమ్ముణ్ణీ గాదె వెనకాల దాచిపెట్టిందిరా. ఆ చక్రం లాంటిది తిప్పితే పిల్లలు ఏడుస్తారనీ, పుండు పడుతుందనీ. మరుసటేడు అమ్మవారు పోసింది. నాకు ముఖం ఇట్లా అయింది. వాడు పోయాడు. నాలుగేళ్ళు."

అంతే. ఇంకేం చెప్పలేదు. లేచి లోపలికెళ్ళి పాపని ఎత్తుకుంది.

ఇన్నేళ్ళలో ఆవిడకి ఒక తమ్ముడుండేవాడన్న సంగతే నాకు తెలీదు. ఆ తర్వాత ఒక నెల రోజులు ఆఫీసు అయ్యాక ఇదే పని, దొరికింది దొరికినట్టు చదవడం. చదివిన కొద్దీ మా బావ ప్రశ్నకి జవాబు కూడా దొరికింది. అదే ఈ టపా. కాస్త పెద్దదే, టీ పెట్టుకుని కూర్చోండి :)

ముందు పేర్ల గొడవ. మనవాళ్ళు ఒంటి మీద పొక్కులొచ్చే జబ్బులన్నిటినీ అమ్మవారి ఖాతాలోనే వేశారు గానీ అన్నీ ఒకటి కాదు. ఆటలమ్మ లేదా చిన్నమ్మవారు అంటే చికెన్ పాక్స్. తట్టు లేదా పొంగు అంటే మీజిల్స్. పెద్దమ్మవారు అంటే మశూచి, స్మాల్ పాక్స్. మూడూ వైరస్ లే, మూడూ వేరు వేరు. ఇంకో పొరపాటు కూడా సరిచేయాలి. మన తరం వాళ్ళ ఎడమ భుజం మీద ఉండే మచ్చ చూపించి 'ఇది మశూచి టీకా' అనుకుంటారు చాలామంది. కాదు, అది క్షయకి వేసే బీసీజీ. మశూచి టీకా మచ్చ కావాలంటే మీ నాన్నగారి చేతి మీదో తాతగారి చేతి మీదో వెతకండి. మనకి ఆ టీకా వెయ్యలేదు. వెయ్యాల్సిన అవసరం లేకుండా పోయింది. మనిషి భూమ్మీద నుంచి పూర్తిగా తుడిచిపెట్టిన మనుషుల జబ్బు ఇప్పటికీ అదొక్కటే.

మశూచి మామూలుది కాదు. వచ్చిన పది మందిలో ఇద్దరో ముగ్గురో పోయేవాళ్ళు. చంటిపిల్లల్లో ఇంకా ఎక్కువ. బతికిన వాళ్ళకి ముఖం మీద గుంటలు, కొందరికి చూపు పోయేది. దీనికి అప్పట్లో మందు లేదు. గుమ్మానికి వేపమండలు కట్టి, ఇంట్లో తాలింపులు మానేసి, రోగిని ఒక గదిలో పడుకోబెట్టి, తగ్గాక వేపాకు పసుపు నీళ్ళు పోసేవాళ్ళు. ఇదంతా మూఢనమ్మకం అని ఒక్క మాటలో కొట్టెయ్యడం తేలిక. ఏమాటకామాటే చెప్పుకోవాలి, గుమ్మానికి వేపమండ కనబడితే బయటివాళ్ళు లోపలికి రారు. మందు లేని రోజుల్లో అది కొంత ఐసొలేషన్ బోర్డే. ఆ బోర్డు సంగతి తర్వాత మళ్ళీ వస్తుంది, గుర్తుపెట్టుకోండి.

టీకా కూడా మనకి కొత్తేం కాదు. జెన్నర్ కంటే ముందే బెంగాల్ లో టీకాదార్లు ఉండేవాళ్ళు. మశూచి పొక్కులోని పదార్థాన్నే కొంచెం తీసి ఆరోగ్యంగా ఉన్నవాళ్ళ చర్మం మీద గీసి పెట్టేవాళ్ళు. తేలిగ్గా జబ్బు వచ్చి పోయేది (అందరికీ కాదు, కొందరు చనిపోయేవాళ్ళు కూడా). మనం ఇప్పటికీ వాడుతున్న టీకా అన్న మాట అక్కడిదే. 1796లో జెన్నర్ ఆవులకొచ్చే పొక్కుల పదార్థంతో అంతకంటే సురక్షితమైన పద్ధతి చూపించాడు. అది 1802 జూన్ 14న బొంబాయిలో ఒక మూడేళ్ళ పాపకి పడింది, పేరు ఆనా డస్ట్‌హాల్. మన దేశంలో మొదటి వ్యాక్సినేషన్ అదే. ఫ్రిజ్ లు లేని కాలంలో ఆ మందు అంత దూరం ఎలా వచ్చిందనుకున్నారు? బాగ్దాదు, బస్రాల మీదుగా ఒకరి చేతి నుంచి ఇంకొకరి చేతికి, మనుషుల మీదుగానే వచ్చింది. ఒకరికి వేసి, వారం తర్వాత ఆ పొక్కులోంచి తీసి ఇంకొకరికి. ప్రపంచంలో మొదటి కోల్డ్ చెయిన్ మనుషుల చేతులన్నమాట, అందులోనూ ఎక్కువ పిల్లల చేతులే.

సరే, టీకా 1802లో వచ్చింది. మరి 1974లో మన దేశంలో మశూచి కేసులెన్నో తెలుసా? 1,88,003. చావులు ముప్ఫై వేల పైనే. అవి లెక్కకెక్కినవి మాత్రమే.

టీకా చేతిలో పెట్టుకుని 170 ఏళ్ళు ఏం చేశాం మరి? నన్ను నెల రోజులు పట్టుకున్నది ఈ ప్రశ్నే. బ్రిటిష్ వాళ్ళ కాలం సంగతి వదిలేయండి. 1962లో మన ప్రభుత్వం జాతీయ మశూచి నిర్మూలన కార్యక్రమం మొదలుపెట్టింది. లక్ష్యం చాలా స్పష్టంగా పెట్టుకున్నారు. మూడేళ్ళలో జనాభాలో 80 శాతానికి పైగా టీకాలు వెయ్యాలి. వేశారు కూడా. కోట్లకి కోట్లు వేసినట్టు లెక్కలు వచ్చాయి. కాగితం మీద చూస్తే అద్భుతం. కానీ 1967లో దేశంలో దాదాపు 85 వేల కేసులు. తర్వాత మూడేళ్ళు తగ్గుతూ 1970కి పదమూడు వేల లోపుకి వచ్చి, 'హమ్మయ్య' అనుకునేలోగా మళ్ళీ పెరిగి, 1973లో 88 వేలు దాటాయి.

మీరెప్పుడైనా ప్రొడక్షన్ సపోర్ట్ చేసి ఉంటే ఈ దృశ్యం మీకు బాగా తెలుసు. డాష్‌బోర్డు మొత్తం ఆకుపచ్చ. ఫోన్లో మాత్రం కస్టమర్ తిడుతున్నాడు.

ఏం జరిగిందంటే, టీకాలు వేసేవాడికి ఇన్ని వెయ్యాలని టార్గెట్ ఉంటుంది. టార్గెట్ పూర్తవ్వాలంటే తేలిక దారేది? బడికి వెళ్ళడం. పిల్లలందరూ వరసగా నిలబడి ఉంటారు. పోయినేడు వేసిన పిల్లలకే ఈ ఏడు మళ్ళీ వేస్తే అదీ ఒక అంకె. కానీ బడికి రాని పిల్లాడు, పొలంలో ఉన్న తల్లి చంకలోని బిడ్డ, ఇటుక బట్టీకి వలస వెళ్ళిన కుటుంబం, రైల్వే ప్లాట్‌ఫారం మీద పడుకునేవాళ్ళు, గాదె వెనకాల దాచిన మా నాయనమ్మా వాళ్ళ తమ్ముడూ... వీళ్ళెవరూ ఆ లెక్కలో లేరు. వైరస్ కి మాత్రం సరిగ్గా వీళ్ళే కావాలి. 80 శాతం అనే సగటుని వైరస్ చదవదు. మిగిలిన 20 మంది ఎక్కడ గుంపుగా ఉన్నారో అదొక్కటే దానికి పనికొచ్చే విషయం.

దీనికి తోడు ఇంకో జబ్బు. జిల్లాలో కేసులు కనబడితే అక్కడి అధికారికి చీవాట్లు. దాంతో ఏమవుతుంది? కేసులు కనబడవు. మశూచిని ఇంకేదో అని రాసేస్తారు, లేదా అసలు రాయరు. బగ్ రిపోర్ట్ చేసినవాణ్ణి తిట్టే టీముల్లో బగ్స్ ఎప్పుడూ సున్నాయే కదా.

ఇక్కడి నుంచి కాసేపు నైజీరియా వెళ్ళాలి. 1966 డిసెంబరులో తూర్పు నైజీరియాలోని ఒగోజా ప్రాంతంలో మశూచి బయటపడింది. అక్కడున్న అమెరికన్ డాక్టరు విలియం ఫీగీ దగ్గర అందరికీ సరిపడా టీకాలు లేవు. ఏం చెయ్యాలి? ఆ ప్రాంతంలో మిషనరీలకి రేడియోలు ఉండేవి. రోజూ రాత్రి వాళ్ళతో మాట్లాడి ఏ ఊళ్ళో కేసులున్నాయో కనుక్కోమన్నాడు. ఉన్న కాసిన్ని టీకాలూ కేసులున్న ఊళ్ళలోనూ, ఆ జబ్బు తర్వాత ఏ సంతకి, ఏ చుట్టాల ఊరికి పాకొచ్చో అక్కడా మాత్రమే వేశారు. జనాభాలో సగం మందికి కూడా వెయ్యకుండానే జబ్బు ఆగిపోయింది.

ఇది మశూచితోనే ఎందుకు కుదిరింది? ఈ జబ్బుకి మనకి అనుకూలమైన గుణాలు కొన్ని ఉన్నాయి. ఒకటి, ఇది మనుషుల్లో తప్ప జంతువుల్లో దాక్కోదు. రెండు, జ్వరం, పొక్కులు మొదలయ్యాకే అంటుకుంటుంది. ముఖం మీద కనబడుతుంది కాబట్టి డాక్టరే అక్కర్లేదు, బడిపిల్లాడు కూడా గుర్తుపడతాడు. మూడు, ఒకరి నుంచి మహా అయితే నలుగురైదుగురికి పాకుతుంది, అదీ నెమ్మదిగా. వైరస్ లోపలికి వెళ్ళాక బయటపడటానికి దాదాపు పన్నెండు రోజులు. నాలుగు, అంటుకున్న తర్వాత కూడా మూడు నాలుగు రోజుల్లోపు టీకా వేస్తే పనిచేస్తుంది. అంటే కేసు కనబడ్డాక పరిగెత్తినా మనం ముందుండొచ్చు. ఇలాంటి శత్రువు దొరకడం నిజంగా అదృష్టమే.

పనిముట్లు కూడా అప్పటికి మారాయి. మా నాయనమ్మ చెప్పిన చక్రం గుర్తుందా? దాన్ని రోటరీ లాన్సెట్ అనేవాళ్ళు. చిన్న పళ్ళున్న లోహపు బిళ్ళని చర్మం మీద నొక్కి తిప్పడం. పిల్లలు గగ్గోలు పెట్టేవాళ్ళు, చాలాసార్లు పుండ్లు పడేవి. జనం ఊరికే దాక్కోలేదు. దాని బదులు వచ్చింది రెండు కొనలున్న చిన్న సూది. వైయెత్ కంపెనీలో బెంజమిన్ రూబిన్ తయారుచేశాడు. కుట్టుమిషను సూది కన్నం పై భాగం కోసేస్తే ఎలా ఉంటుందో అలా ఉంటుంది. రెండు కొనల మధ్య ఒక్క చుక్క నిలుస్తుంది, పదిహేను సార్లు పొడిస్తే పని అయిపోయింది. టీకా మందు పాత పద్ధతితో పోలిస్తే నాలుగో వంతు చాలు. పది నిమిషాల్లో ఎవరికైనా నేర్పించొచ్చు. ఎండలో పాడవని పొడి టీకా కూడా వచ్చింది. మొదట్లో అది ఎక్కువగా సోవియట్ యూనియన్ నుంచి దానంగా వచ్చేది. తర్వాత మన దగ్గరే తయారుచేసుకున్నాం, చేసిన చోట్లలో హైదరాబాదులోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్ ఒకటి. నారాయణగూడలో దాని ముందు నుంచి ఎన్నిసార్లు వెళ్ళానో, ఒక్కసారి కూడా తల తిప్పి చూడలేదు!

1973 నాటికి దక్షిణాదిలో మశూచి దాదాపు లేదు. మిగిలింది ముఖ్యంగా ఉత్తరప్రదేశ్, బీహార్, పశ్చిమబెంగాల్. ఆ ఏడాది శరదృతువులో మన కేంద్ర ఆరోగ్యశాఖ, ప్రపంచ ఆరోగ్య సంస్థ కలిసి ప్రశ్నే మార్చేశాయి. 'ఎంతమందికి వేశారు?' అని కాదు, 'జబ్బు ఎక్కడుంది?' అని. నెలకి ఒకసారి, వారం పది రోజుల పాటు ఆరోగ్య సిబ్బంది అందరూ ఉన్న పని ఆపి ఊరూరూ వెతకాలి. చేతిలో మశూచి వచ్చిన పిల్లాడి ఫోటో ఉన్న కార్డు. 'ఇలాంటివాళ్ళని ఎక్కడైనా చూశారా?' అని బడిలో, సంతలో, టీకొట్టు దగ్గర అడగడం. మొదట ఊళ్ళకే వెళ్ళారు, తర్వాత ప్రతి ఇంటికీ. చివర్లో ఒక్కో సెర్చ్ లో పది కోట్లకు పైగా ఇళ్ళు చూశారంటే ఊహించుకోండి. సర్వర్ల మీద కాదు, కాళ్ళ మీద.

కేసు చెప్పినవాళ్ళకి బహుమతి పెట్టారు. కేసులు తగ్గే కొద్దీ బహుమతి పెంచుకుంటూ పోయారు, 1975కి అది 1,000 రూపాయలు. వెతికినవాళ్ళు నిజంగా వెతికారా లేదా అని చూడటానికి వేరే వాళ్ళు వెళ్ళి కొన్ని ఊళ్ళలో శాంపిల్ చెక్ చేసేవాళ్ళు. 'మీ ఇంటికి కార్డు పట్టుకుని ఎవరన్నా వచ్చారా? బహుమతి ఎంతో తెలుసా?' అని. పక్కా క్యూఏ టీము. అన్నిటికంటే ముఖ్యమైన మార్పు ఇంకోటి. కేసు చూపించినవాడికి శిక్ష లేదు, దాచినవాడికే. కేసు దొరికిన ఇంటి గుమ్మం దగ్గర రాత్రింబవళ్ళు కాపలా. లోపలికి వచ్చేవాళ్ళు టీకా వేయించుకోవాల్సిందే. ఇందాక చెప్పిన వేపమండ బోర్డు ఇప్పుడు మనిషి రూపంలో కూర్చుందన్నమాట.

మరి ఫలితం? మొదటి సెర్చ్ లోనే అంతకుముందు లెక్కలకి ఎన్నో రెట్లు కేసులు బయటపడ్డాయి. లాగ్స్ ఆన్ చేసిన మొదటి రోజు ఎర్రర్లు కుప్పలుగా వస్తాయే, అలా. చూసేవాళ్ళకి మాత్రం కొత్త పద్ధతి వచ్చాకే జబ్బు పెరిగినట్టు కనబడింది. 1974 మే నెల నాటికి బీహార్ పరిస్థితి ఘోరం. పైన మండే ఎండలు, ఆ నెల 8 నుంచి రైల్వే సమ్మె, 18న పోఖ్రాన్ లో అణు పరీక్ష. అణుబాంబు పేల్చగలిగిన దేశం మశూచిని ఆపలేకపోతోందని విదేశీ పత్రికలు ఆ రెండిటినీ పక్కపక్కన పెట్టి రాశాయి.

అప్పుడు జరిగిన ఒక మీటింగు గురించి ఫీగీ రాసుకున్నాడు (అప్పటికి ఆయన మన దేశంలోనే పనిచేస్తున్నాడు). బీహార్ ఆరోగ్య మంత్రి ఇంక ఈ వెతుకులాట చాలు, పాత పద్ధతిలో అందరికీ టీకాలు వేసెయ్యండి అని నిర్ణయం చెప్పాడు. అంతా అయిపోయిందనుకున్నప్పుడు వెనక నుంచి ఒక కుర్ర డాక్టరు లేచాడు, మనవాడే. మా ఊళ్ళో ఒక ఇల్లు అంటుకుంటే నీళ్ళు ఆ ఇంటి మీద పోస్తాం గానీ ఊళ్ళోని ఇళ్ళన్నిటి మీదా పొయ్యం అన్నాడట. మంత్రి ఆలోచించి ఒక్క నెల గడువిచ్చాడు. ఆ నెలలోనే కొత్త కేసులు తగ్గడం మొదలైంది.

నాకు ఈ కథ చదివి ఒళ్ళు జలదరించింది. మంత్రిగారి ముందు, అదీ 1974లో, ఒక జూనియర్ లేచి మాట్లాడటం. మన స్టాండప్ మీటింగుల్లో మేనేజరు ముందే మనం నోరెత్తం.

అదే ఏడాది ఇంకో సంగతి. దేశంలో ఎక్కడెక్కడో కొత్తగా మశూచి పుట్టుకొస్తోంది. వెనక్కి ట్రేస్ చేసుకుంటూ వెళితే వందల దారులు ఒకే చోట కలిశాయి, టాటానగర్ రైల్వే స్టేషన్. జంషెడ్‌పూర్ ఉక్కు ఫ్యాక్టరీ చుట్టూ పని కోసం వచ్చిన కూలీలు, జ్వరం రాగానే 'ఇంటికి పోదాం' అని రైలెక్కేవాళ్ళు. జబ్బు పడితే అమ్మ దగ్గరికి వెళ్ళాలనుకోవడం తప్పేమీ కాదు కదా. కానీ ఒక్కో టిక్కెట్టు ఒక్కో కొత్త ఊరికి మశూచిని మోసుకెళ్ళింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ తరఫున పనిచేస్తున్న లారీ బ్రిలియంట్ టాటా కంపెనీ పెద్దల తలుపు తట్టాడు. కంపెనీ డాక్టర్లనీ, జీపుల్నీ, డబ్బునీ ఇచ్చింది. ఊరు దాటాలంటే టీకా వేయించుకోవాల్సిందే అని కాపలా పెట్టారు. ఆ కుళాయి కట్టేశాక నేల ఆరడం మొదలైంది.

ఇంతవరకూ చదివితే ఇదంతా హీరోల కథలా ఉంటుంది. కానీ ఇంకో పేజీ కూడా ఉంది, దాన్ని చింపేస్తే అబద్ధమవుతుంది. చివరి రోజుల్లో బలవంతాలు జరిగాయి. రాత్రిపూట పోలీసులతో వెళ్ళి, తలుపులు పగలగొట్టి, గింజుకుంటున్న వాళ్ళని పట్టుకుని సూది గుచ్చారు. బ్రిలియంటే ఒక సంఘటన రాశాడు. సింగ్‌భూమ్ ప్రాంతంలో హో తెగకి చెందిన ఒక కుటుంబం, జబ్బు ఇచ్చేదీ తీసేదీ దేవుడే అన్న నమ్మకంతో టీకాకి ఒప్పుకోలేదు. బృందం బలవంతంగా లోపలికి వెళ్ళి, పెనుగులాట మధ్య అందరికీ వేసింది. అంతా అయ్యాక ఆ ఇంటి పెద్ద తన పెరట్లోంచి దోసకాయ కోసుకొచ్చి వాళ్ళకిచ్చాడట. నా ధర్మం ఎదిరించడం, ఎదిరించాను. మీ ధర్మం అనుకున్నది మీరు చేశారు. ఇప్పుడు మీరు నా ఇంట్లో అతిథులు అన్నట్టుగా మాట్లాడాడట.

నేను దీన్ని మూడు సార్లు చదివాను. ఎవరి పక్షం వహించాలో నాకు ఇప్పటికీ తెలీదు. గాదె వెనక దాచిన మా ముత్తవ్వ గుర్తొస్తుంది. ఆ రోజు ఎవరైనా ఆవిడ చెయ్యి పట్టుకుని పక్కకి లాగి మా నాయనమ్మ తమ్ముడికి టీకా వేసుంటే ఆయన బతికేవాడు. కానీ అలా లాగించుకున్న ఊరు తర్వాత సర్కారు డాక్టరు ఏం చెప్పినా నమ్ముతుందా? చక్రం బదులు నొప్పి లేని సూదీ, పోలీసు బదులు కూర్చుని మాట్లాడే మనిషీ ముందే వచ్చుంటే అసలు దాక్కునే అవసరమే ఉండేది కాదు కదా.

మిగతాది గబగబా చెప్పేస్తాను. 1975లో మొత్తం కేసులు 1,436. బీహార్ లో చివరి కేసు 1975 మే 17న. మే 24న అస్సాంలోని కరీంగంజ్ రైల్వే స్టేషన్లో ఒక పేద మహిళకి జబ్బు బయటపడింది, బంగ్లాదేశ్ లోని సిల్హెట్ నుంచి వచ్చిందావిడ. మన దేశంలో మశూచి అంతటితో సరి. ఆ ఏడాది ఆగస్టు 15న మశూచి నుంచి కూడా స్వాతంత్ర్యం వచ్చిందని ప్రకటించారు. రెండేళ్ళు వెతికి వెతికి 1977 ఏప్రిల్లో అంతర్జాతీయ కమిషన్ అవునని ముద్ర వేసింది. ప్రపంచంలో సహజంగా వచ్చిన చివరి కేసు 1977 అక్టోబరులో సోమాలియాలో. 1980 మే 8న ప్రపంచం మొత్తానికీ ప్రకటన. పనిచేసినవాళ్ళలో వందల మంది విదేశీయులున్నారు, నిజమే. కానీ ఇంటింటికీ తిరిగింది మాత్రం పేర్లు ఎక్కడా లేని లక్షకు పైగా మన ఆరోగ్య సిబ్బంది.

ఇప్పుడు మా బావ ప్రశ్నకి వస్తాను.

ఇదంతా చదివాక నాకు మొదట అనిపించింది, 'అరె, అయితే బావ చెప్పింది కొంత నిజమేనా?' అని. అందరికీ వెయ్యకుండానే మశూచిని ఆపారు కదా! తట్టు కేసు ఊళ్ళో కనబడినప్పుడు వేయించుకుంటే సరిపోదా?

సరిపోదు. ఇక్కడే అసలు కిటుకుంది. మశూచికి ఉన్న మంచి గుణాల్లో ముఖ్యమైనవి తట్టుకి లేవు. దద్దురు బయటపడటానికి నాలుగు రోజుల ముందు నుంచే ఇది అంటుకుంటుంది. అప్పుడు చూస్తే మామూలు జలుబు, దగ్గు, ఎర్రటి కళ్ళు. రోగి గదిలోంచి వెళ్ళిపోయాక కూడా రెండు గంటల దాకా ఆ గాలిలో వైరస్ ఉంటుంది. టీకా లేని జనంలో ఒక్కరి నుంచి 12 నుంచి 18 మందికి పాకుతుంది. మనం కార్డు పట్టుకుని వెతికి ఆ ఇంటికి వెళ్ళేసరికి అది ఇంకో మూడు వీధులు దాటిపోయి ఉంటుంది. అంటుకున్న ఇంటి మీద నీళ్ళు పొయ్యడం కాదు, పొగ కనబడే ముందే రవ్వలు వాడంతా పడిపోయి ఉంటాయి. ఇలాంటిచోట ఇళ్ళన్నీ ముందే పెంకుటిళ్ళు చేసుకోవడం తప్ప వేరే దారి లేదు.

లెక్క కూడా తేలికే. ఒకరి నుంచి 18 మందికి పాకే జబ్బు ఆగాలంటే ఆ 18 మందిలో కనీసం 17 మందికి అంటుకోకూడదు. 17 బై 18 అంటే 94 శాతం పైనే. అందుకే 95 శాతం అంటారు. తొమ్మిదో నెలలో వేసే ఒక్క డోసు వందలో 85 మందికే పట్టుకుంటుంది, అందుకే పదహారు నుంచి ఇరవై నాలుగు నెలల మధ్య రెండోది. ఈ లెక్కలో 'మనమొక్కళ్ళం ఆగితే ఏమవుతుంది' అన్న మాటకి చోటే లేదు. మిగిలిన ఆ అయిదు శాతం సీట్లూ ముందే రిజర్వ్ అయి ఉన్నాయి. తొమ్మిది నెలలు నిండని చంటిపిల్లలకీ, కీమో తీసుకుంటున్న పిల్లలకీ, డోసు పడినా పట్టని వాళ్ళకీ. అందులో మా బావకి సీటు లేదు.

పోనీ తట్టు చిన్న జబ్బే కదా అంటారా? టీకా రాకముందు ప్రపంచంలో ఏటా ఇరవై లక్షల మందికి పైగా దీనివల్ల పోయేవాళ్ళు, ఎక్కువమంది పిల్లలే. న్యుమోనియా, విరేచనాలు, మెదడు వాపు, విటమిన్ ఏ లోపం ఉన్న పిల్లల్లో గుడ్డితనం. ఇంకో చిత్రం, ఈ వైరస్ ఒంట్లో అంతకుముందు జబ్బుల మీద సంపాదించుకున్న రక్షణని కూడా చాలావరకు చెరిపేస్తుందని 2019లో శాస్త్రవేత్తలు చూపించారు. బ్యాకప్ డిలీట్ చేసి పోయే వైరస్ అన్నమాట. ఇక ఆటిజం మాటంటారా, దానికి మూలం 1998లో పన్నెండు మంది పిల్లల మీద వచ్చిన ఒక పేపరు. 2010లో ఆ పత్రికే దాన్ని వెనక్కి తీసుకుంది. పేపరు పోయింది, ఫార్వర్డ్ మాత్రం తిరుగుతూనే ఉంది.

సగటుని నమ్ముకోవడం ఎంత ప్రమాదమో 1960ల పాఠం మళ్ళీ మళ్ళీ వస్తూనే ఉంది. 2017లో ఎమ్మార్ క్యాంపెయిన్ పెట్టి తొమ్మిది నెలల నుంచి పదిహేనేళ్ళ లోపు పిల్లలకి బడుల్లో వేశారు. ఫిబ్రవరిలో తమిళనాడు, కర్ణాటకలతో మొదలైంది, ఆగస్టులో మన రెండు రాష్ట్రాల్లోనూ. తమిళనాడులో వాట్సాప్ పుకార్లకే తల్లిదండ్రులు భయపడిపోయారు. 2022 చివర్లో ముంబైలో, ముఖ్యంగా గోవండీ బస్తీల్లో తట్టు వచ్చి పిల్లలు చనిపోయారు. కోవిడ్ రోజుల్లో తప్పిపోయిన డోసులు అక్కడ పోగుపడ్డాయి. 2025లో అమెరికాలో టెక్సాస్ రాష్ట్రం గెయిన్స్ కౌంటీ చుట్టుపక్కల మొదలై 762 కేసులు, టీకా వేయించని ఇద్దరు పిల్లల చావు. రాష్ట్రం మొత్తం సగటు బాగానే ఉంది. ఆ ఒక్క మూల బాగాలేదు. డల్లాస్ లో ఉన్న మన తెలుగువాళ్ళు ఎంతమంది ఆ రోజుల్లో పిల్లల రికార్డులు తిరగేసుకుని ఉంటారో!

మొత్తానికి నాకు అర్థమయ్యిందిది. ఒక జబ్బుకి కేసు వెతకాలి, ఇంకో జబ్బుకి తప్పిపోయిన పిల్లాణ్ణి వెతకాలి. రెండిట్లోనూ అడగాల్సిన ప్రశ్న ఒక్కటే, 'లెక్కలోకి రానివాళ్ళు ఎక్కడున్నారు?' 1962లో ఆ ప్రశ్న అడగలేదు, 1973లో అడిగారు. మధ్యలో పోయిన పదకొండేళ్ళలో ఎంతమంది పిల్లలు పోయారో. ఒకప్పుడు లెక్కలోకి రానివాళ్ళు గాదె వెనకాల ఉండేవాళ్ళు. ఇప్పుడు గేటెడ్ కమ్యూనిటీల్లో కూడా ఉంటున్నారు, అదే తేడా.

ఇదంతా బావకి ఫోన్లో చెప్పాను. ఓపిగ్గా విన్నాడు. 94 శాతం లెక్క దగ్గర ఒకసారి ఆపి తనే వేసి చూసుకున్నాడు (ఇంజనీరు కదా!). ఆ వారమే అక్క పాపని తీసుకెళ్ళి టీకా వేయించింది.

సాయంత్రం నాయనమ్మకి ఫోన్ చేసి చెప్పాను.

"ఏడ్చిందా?" అంది.

"బాగా ఏడ్చిందంట."

"ఏడవనీలే నాన్నా" అంది, "ఏడవనీ."